కనెక్షన్ ప్రైవేట్ కాదంటూ ఎర్ర గుర్తు వస్తోంది, అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకెళ్లొచ్చా?

తెనాలి నెట్ సెంటర్
అందరికీ నమస్కారం. మా సెంటర్లో మూడు సిస్టమ్స్ ఉన్నాయి. పొద్దున్న కరెంటు పోయి వచ్చినప్పటి నుంచి మూలన ఉన్న సిస్టమ్‌లో ఏ సైటు తెరిచినా మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు అని ఎర్ర త్రికోణం వస్తోంది. కౌన్సెలింగ్ సైటూ అంతే, బ్యాంకు సైటూ అంతే, చివరికి గూగుల్ కూడా. మిగతా రెండింట్లో అదే వైఫై మీద అన్నీ శుభ్రంగా తెరుచుకుంటున్నాయి. మా దగ్గర పనిచేసే కుర్రాడు అడ్వాన్స్‌డ్ నొక్కి కింద ప్రొసీడ్ అని ఉంటుంది కదా, అది కొట్టేస్తున్నాడు. కొన్నిట్లో పనవుతోంది, కొన్నిట్లో అసలు ఆ లింకే రావడం లేదు. యాంటీవైరస్ తీసి చూశాం, క్రోమ్ తీసేసి మళ్లీ వేశాం, అదే గోల. వైరస్ పడిందంటారా? ఫార్మాట్ కొట్టించాలా? వెబ్ ఆప్షన్లు పెట్టుకోడానికి పిల్లలు వచ్చి కూర్చున్నారు, కాస్త తొందరగా చెప్పండి.

కీబోర్డ్ కృష్ణ
ఫార్మాట్ జోలికి పోకండి. రెండే ప్రశ్నలు. ఆ పేజీలో కింద సన్న అక్షరాల్లో ఒక కోడ్ ఉంటుంది, ఎర్ సర్ట్ అని వస్తుంది, దాని తర్వాత ఏముంది? రెండోది, ఆ సిస్టమ్‌లో కుడివైపు కింద తేదీ ఎంత చూపిస్తోంది? టైమ్ కాదు, తేదీ, అందులోనూ సంవత్సరం.

ఎవరైతే ఏంటి
ప్రొసీడ్ కొట్టెయ్యండి గురువుగారూ. ఎన్నో ఏళ్లుగా కొడుతున్నా, నాకేం కాలేదు.

తెనాలి నెట్ సెంటర్
కోడ్‌లో సర్ట్ డేట్ ఇన్‌వాలిడ్ అని ఉంది. తేదీ చూస్తే 2015 జనవరి 1! టైమ్ మాత్రం నిమిషాలు నడుస్తున్నాయి కాబట్టి ఎవరం గమనించలేదు. ఇది దానివల్లేనా?

కీబోర్డ్ కృష్ణ
దానివల్లే. తేదీ సరిచేసి క్రోమ్ మూసి తెరవండి, ముందు పిల్లల పని కానివ్వండి.

సర్వర్ సుబ్బు
కృష్ణ చెప్పింది చేశాక ఇది చదవండి, లేకపోతే రేపు కరెంటు పోయినప్పుడు మళ్లీ ఇదే జరుగుతుంది.

మదర్‌బోర్డు మీద గుండ్రటి బటన్ సెల్ ఉంటుంది, సీఆర్2032. సిస్టమ్‌కి కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ ఫ్యాక్టరీలో పెట్టిన సంవత్సరానికి వెళ్లిపోతుంది. ఇంటర్నెట్ ఉంది కదా, విండోస్ తానే సరిచేసుకుంటుంది అనుకుంటాం, కానీ తేడా మరీ సంవత్సరాల్లో ఉంటే అది తనంతట తాను మార్చుకోదు. మీరు చేత్తో దగ్గరి తేదీ పెట్టి, ఆ తర్వాత సింక్ నౌ నొక్కాలి. సెల్ ఏ ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా దొరుకుతుంది, సిస్టమ్ ఆపి ప్లగ్ పీకి మార్చడమే.

ఇక సైట్లన్నీ ఎందుకు మొరాయించాయంటే, సైటు తానెవరో బ్రౌజర్‌కి చూపించే గుర్తింపు కార్డు లాంటిది సర్టిఫికెట్, ప్రతి సర్టిఫికెట్లో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుంది అని రాసి ఉంటుంది. బ్రౌజర్ ఆ తేదీల్ని మీ సిస్టమ్ గడియారంతోనే పోల్చి చూస్తుంది. మీ సిస్టమ్ లెక్కలో ఇంకా 2015, సర్టిఫికెట్లన్నీ ఈమధ్యే ఇచ్చినవి, కాబట్టి ఏదీ ఇంకా మొదలే కాలేదు. ఒక్క సైటులో తేడా వస్తే సైటును అనుమానించాలి, అన్ని సైట్లలో ఒకేసారి వస్తే మన సిస్టమ్‌నో, మన నెట్‌నో అనుమానించాలి. నేను ఎవరు ఫోన్ చేసినా అడిగే మొదటి ప్రశ్న అదే.

కొన్నిట్లో ప్రొసీడ్ ఎందుకు రాదని అడిగారు. కొన్ని సైట్లు బ్రౌజర్‌కి ముందే చెప్పి ఉంచుతాయి: నా దగ్గరికి హెచ్‌టీటీపీఎస్‌లోనే, అంటే ఎన్‌క్రిప్ట్ అయిన దారిలోనే రావాలి, సర్టిఫికెట్లో ఏ తేడా ఉన్నా మనిషి బతిమాలినా లోపలికి వదలొద్దు అని. దీన్ని హెచ్‌ఎస్‌టీఎస్ అంటారు, 2012లో ప్రమాణంగా వచ్చింది. గూగుల్ లాంటి వాళ్ల పేర్లయితే క్రోమ్ లోపలే రాసి ఉంటాయి. కాబట్టి లింకు లేకపోవడం బగ్ కాదు, కావాలనే తీసేశారు.

ఎవరైతే ఏంటి
దానికి కూడా ఒక మంత్రం ఉంది, ఆ పేజీ మీద ఉండగా ఒక మాట టైప్ చేస్తే తెరుచుకుంటుంది. చెప్పమంటారా?

సర్వర్ సుబ్బు
నాకూ తెలుసు. నెట్ సెంటర్ ఆయన చర్చలో అది రాయకు తమ్ముడూ. అది వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లు తమ సొంత టెస్ట్ సర్వర్ల కోసం వాడుకునేది.

తెనాలి నెట్ సెంటర్
అన్నీ తెరుచుకున్నాయి! చాలా థాంక్స్ కృష్ణ గారూ, సుబ్బు గారూ. సెల్ తెప్పిస్తున్నా. మా కుర్రాడు పొద్దున్నుంచి ప్రొసీడ్ కొట్టినవాటి సంగతేంటి? వాటిలో ఒకటి బ్యాంకుది, ఎవరో పెద్దాయన లాగిన్ అయ్యాడు.

సర్వర్ సుబ్బు
మీ విషయంలో తప్పు గడియారానిది కాబట్టి ఆ పెద్దాయన అసలు బ్యాంకుకే వెళ్లి ఉంటాడు, మరీ టెన్షన్ పడక్కర్లేదు. కానీ చిక్కు ఎక్కడుందంటే, తేదీ తప్పుగా ఉన్న సిస్టమ్‌లో నిజం హెచ్చరికకీ, ఉత్త హెచ్చరికకీ తేడా కనిపించదు. అన్నిటికీ ఒకటే ఎర్ర పేజీ. అందుకని ఆయన పాస్‌వర్డ్ మార్చుకుంటే మంచిది, ఖర్చేముంది. ఇంకోటి, ఒకసారి ప్రొసీడ్ కొడితే క్రోమ్ దాన్ని వారం పాటు గుర్తుంచుకుంటుంది. అడ్రస్ ముందు ఉండే గుర్తు నొక్కితే హెచ్చరికలు మళ్లీ ఆన్ చేసే దారి కనిపిస్తుంది, అది నొక్కేయండి.

ఎవరైతే ఏంటి
సరే నేనే అడుగుతున్నా. ప్రొసీడ్ కొట్టినా డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తుంది కదా? మధ్యలో ఎవడు చదువుతాడు? ఊరికే భయపెట్టడం కాకపోతే.

కీబోర్డ్ కృష్ణ
ఎన్‌క్రిప్ట్ అవుతుంది, నిజమే. ఎవరితో? అదే కదా ప్రశ్న. మీకూ అవతలివాడికీ మధ్య ఎవరికీ వినిపించదు, కానీ ఆ అవతలివాడు బ్యాంకా, మధ్యలో కూర్చున్న ఇంకొకడా అన్నది చెప్పేదే సర్టిఫికెట్. దాన్ని కాదనుకుని ముందుకెళ్తే నీ పాస్‌వర్డ్‌ని ఎంతో భద్రంగా తాళం వేసి దొంగ చేతికే ఇచ్చినా ఇచ్చినట్టే. నీకేం కాలేదంటే నువ్వు వెళ్లినవన్నీ గడువు దాటిన బద్ధకపు సైట్లు అయ్యుంటాయి. చాలావరకు అవే ఉంటాయి కూడా, అందులో నాకు అనుమానం లేదు.

అందుకే ఆ కోడ్ చదవమనేది. డేట్ ఇన్‌వాలిడ్ వచ్చి మన గడియారం సరిగ్గానే ఉంటే సైటువాడు రెన్యూ చేయడం మర్చిపోయాడు. వార్తో, వంటకమో చదువుకోవడానికైతే నేనూ ఒక్కోసారి వెళ్తా, దాపరికమేం లేదు. లాగిన్ అయ్యేది, డబ్బు కట్టేది, ఏదైనా డౌన్‌లోడ్ చేసేది అయితే వెళ్లను, రేపు చూద్దాంలే అని వదిలేస్తా. కామన్ నేమ్ ఇన్‌వాలిడ్ వస్తే సర్టిఫికెట్ వేరే పేరు మీద ఉంది. డబుల్యూ డబుల్యూ డబుల్యూ ఉన్న పేరుకి తీసుకుని లేని పేరుకి తీసుకోకపోవడం దగ్గర్నుంచి మనల్ని ఎవరో ఇంకెక్కడికో మళ్లించడం దాకా ఏదైనా కావొచ్చు. అథారిటీ ఇన్‌వాలిడ్ వస్తే సంతకం పెట్టినవాడెవడో బ్రౌజర్‌కి తెలియదు, నాకు అన్నిట్లోకి చిరాకు పుట్టించేది ఇదే. రివోక్డ్ అని వస్తే ఆలోచనే లేదు, ట్యాబ్ మూసెయ్. ఇచ్చినవాళ్లే వెనక్కి తీసుకున్నారంటే కారణం ఉంటుంది.

ఓరుగల్లు రమ్య
అన్నా, నాదీ ఆ అథారిటీ ఇన్‌వాలిడే. హాస్టల్ వైఫైల మాత్రమే వస్తది, మొబైల్ డేటాల రాదు. వార్డెన్‌ని అడిగితే ఒక ఫైల్ పంపిండు, ఇది ఫోన్ల ఇన్‌స్టాల్ చేసుకుంటే వార్నింగ్ పోతది అన్నడు. సెట్టింగ్స్‌ల సీఏ సర్టిఫికెట్ అని అడుగుతుంది, మీ డేటా ఇతరులు చూడొచ్చు అని పెద్దగ వార్నింగ్ ఇస్తుంది. క్లాస్‌ల సగం మంది చేసుకున్నరు. చేసుకోవాల్నా వద్దా?

సర్వర్ సుబ్బు
రమ్యమ్మా, సొంత ఫోన్లో చేసుకోకు. వార్నింగ్ పోతుంది, నిజమే. పోయేది వార్నింగే, దాని కారణం కాదు.

అక్కడ జరిగేది ఇది. హాస్టల్లో ఒక ఫైర్‌వాల్, అంటే నెట్ రాకపోకల మీద కాపలా పెట్టె, పెట్టారు. నువ్వు ఏ సైటుకి వెళ్లినా అది మధ్యలో ఆపి, ఆ సైటు పేరు మీద తానే ఒక సర్టిఫికెట్ అప్పటికప్పుడు తయారుచేసి నీకు చూపిస్తుంది. అటు అసలు సైటుతో తాను మాట్లాడుతుంది. మధ్యలో అంతా విప్పి చూడగలదు. నీ ఫోన్‌కి ఆ ఫైర్‌వాల్ సంతకం తెలియదు కాబట్టి అరుస్తోంది. ఆ ఫైల్ ఇన్‌స్టాల్ చేశావంటే దాని సంతకాన్ని నమ్ము అని చెప్పినట్టే, ఏ సైటు పేరు మీదైనా సరే. ఆఫీసులు తమ సొంత లాప్‌టాప్‌లలో ఇలా చేయడం మామూలే, లాప్‌టాప్ వాళ్లది, పని వాళ్లది, ముందే చెప్తారు. నీ ఫోన్ నీది.

ఇది ఎంత పెద్ద విషయమో చెప్పాలంటే, 2019లో కజకిస్తాన్ ప్రభుత్వం జనమంతా ఇలాంటి సర్టిఫికెట్ ఒకటి ఇన్‌స్టాల్ చేసుకోవాలని చెప్పింది. ఆ ఆగస్టులో గూగుల్, మొజిల్లా, ఆపిల్ మూడూ ఆ సర్టిఫికెట్‌ని తమ బ్రౌజర్లలో పనిచేయకుండా ఆపేశాయి, మనిషి తానే ఇన్‌స్టాల్ చేసుకున్నా సరే. ఇంకా వెనక్కి, లెనోవో లాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ ముందే వేసి అమ్మారని 2015లో బయటపడింది, అది చేసింది కూడా ఇదే పని. పైగా అన్ని లాప్‌టాప్‌లలోనూ ఒకే తాళంచెవి, దాన్ని బయటకి లాగడం పరిశోధకులకి ఎంతోసేపు పట్టలేదు.

ఇప్పటికే చేసుకున్నవాళ్లు సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద యూజర్ సర్టిఫికెట్లు అని ఉంటుంది, అక్కడ తీసేయొచ్చు. ఆండ్రాయిడ్ 7 నుంచి చాలా యాప్‌లు మనం చేత్తో వేసిన సర్టిఫికెట్లని అసలు నమ్మవు, అందుకే హాస్టల్ వైఫైలో కొన్ని యాప్‌లు మూగబోతాయి, బ్రౌజర్ మాత్రం నడుస్తుంది.

ఓరుగల్లు రమ్య
అవునన్నా! బ్యాంకు యాప్ హాస్టల్ల ఓపెన్ కాదు, ఎందుకో ఇప్పుడు సమజైంది. మొబైల్ డేటానే వాడుకుంట. మా ఫ్రెండ్స్‌కి ఈ చర్చ పంపుతున్న.

ఎవరైతే ఏంటి
మరి ఎవరి సంతకాన్ని నమ్మాలో బ్రౌజర్‌కి ఎవరు చెప్పారు? వాళ్లూ మనుషులే కదా. వాళ్లు తప్పు చేస్తే?

కీబోర్డ్ కృష్ణ
ఈ చర్చలో నువ్వు అడిగిన మొదటి మంచి ప్రశ్న.

చేశారు. 2011లో నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అని సర్టిఫికెట్లు ఇచ్చే ఒక సంస్థ. దాని సిస్టమ్స్‌లోకి ఎవరో చొరబడి 500కి పైగా దొంగ సర్టిఫికెట్లు పుట్టించారు. గూగుల్ పేరు మీద తీసుకున్నదాన్ని ఇరాన్‌లో జనం మెయిళ్లు చూడటానికి వాడారు. బయటపడగానే బ్రౌజర్లన్నీ దాన్ని తాము నమ్మే సంస్థల జాబితాలోంచి తీసేశాయి, అదే సెప్టెంబర్లో కంపెనీ దివాలా తీసింది.

మన దేశంలోనూ జరిగింది, చాలామందికి తెలియదు. 2014 జులైలో గూగుల్ తన పేర్ల మీద తాను అడగని సర్టిఫికెట్లు తిరుగుతున్నాయని గమనించింది. ఇచ్చింది నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్, అదే ఎన్‌ఐసీ. దానికి పైన సంతకం మన ప్రభుత్వ సర్టిఫయింగ్ అథారిటీల కంట్రోలర్‌ది, సీసీఏ. ఎన్‌ఐసీ జారీ విధానంలోకి చొరబాటు జరిగిందని సీసీఏ చెప్పింది, నాలుగే తప్పుగా వెళ్లాయని కూడా చెప్పింది. కానీ ఆ నాలుగింటిలో లేనివి కూడా తన కంటపడ్డాయని గూగుల్ అంది. సీసీఏ రూట్, అంటే అన్నిటికీ పైనుండే మూల సర్టిఫికెట్, మైక్రోసాఫ్ట్ నమ్మే జాబితాలో ఉండేది, కాబట్టి విండోస్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, క్రోమ్ వాడేవాళ్లకే ముప్పు. ఫైర్‌ఫాక్స్‌కి సొంత జాబితా ఉంది, అందులో సీసీఏ లేదు, దానికి ఏమీ కాలేదు. ఆ తర్వాత క్రోమ్ ఆ రూట్‌ని గవ్ డాట్ ఇన్, నిక్ డాట్ ఇన్ లాంటి కొద్ది పేర్లకే పరిమితం చేసింది.

ఇప్పుడు అలా గుట్టుగా ఇవ్వడం కష్టం. సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ అని, ఇచ్చిన ప్రతిదాన్నీ అందరూ చూడగలిగే పద్దుల్లో రాయాలి. 2018 ఏప్రిల్ తర్వాత ఇచ్చిన సర్టిఫికెట్ ఆ పద్దులో లేకపోతే క్రోమ్ ఒప్పుకోదు. క్రాట్ డాట్ ఎస్‌హెచ్ అనుకుంటా పలకడం, సీఆర్‌టీ డాట్ ఎస్‌హెచ్, అక్కడ మీ సైటు పేరు కొట్టి చూడండి, ఎవరెవరు ఎప్పుడు ఇచ్చారో మొత్తం వస్తుంది.

డల్లాస్ బాబాయ్
మంచి చర్చ. నాదో సందేహం. నరసాపురంలో నాన్నగారి దగ్గర పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఉంది, వెర్షన్ 6. మార్చమంటే మార్చరు, బాగానే ఉంది కదా అంటారు. కొంతకాలంగా చిన్న చిన్న సైట్లు చాలా తెరుచుకోవడం లేదు, పంచాంగం చూసే సైటు కూడా. పెద్ద సైట్లు బాగానే వస్తున్నాయి. వీడియో కాల్‌లో చూశాను, తేదీ సరిగ్గానే ఉంది. ఇక్కడ నా ఫోన్లో అదే సైటు తెరుచుకుంటోంది.

సర్వర్ సుబ్బు
బాబాయ్, అది ఫోన్ వయసు. ఎవరి సంతకం నమ్మాలో చెప్పే జాబితా పాత ఆండ్రాయిడ్‌లో సిస్టమ్‌తోపాటే వస్తుంది, సిస్టమ్ అప్‌డేట్ ఆగిపోతే జాబితా కూడా ఆగిపోతుంది. చిన్న సైట్లు ఎక్కువగా లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లు వాడతాయి. దాని సొంత రూట్ పేరు ఐఎస్‌ఆర్‌జీ రూట్ ఎక్స్1, అది ఆండ్రాయిడ్ 7.1.1 నుంచే ఉంది. అంతకంటే పాత ఫోన్ల కోసం డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే పాత రూట్ సంతకాన్ని అడ్డం పెట్టుకుని బండి నడిపించారు. ఆ పాత రూట్ గడువు 2021 సెప్టెంబర్ 30న అయిపోయింది, ఆ రోజు ప్రపంచంలో చాలా పరికరాలు ఆగాయి కూడా. పాత ఆండ్రాయిడ్‌లు రూట్ గడువు తేదీని పట్టించుకోవు కాబట్టి ఆ కిటుకుతో ఇంకో మూడేళ్లు లాగారు, 2024 సెప్టెంబర్ 30 దాకా. అది కూడా అయిపోయింది. నాన్నగారికి పంచాంగం రాకపోవడం అప్పటి నుంచే అయ్యుంటుంది.

సొంత జాబితా ఉన్న బ్రౌజర్ వేస్తే కొన్ని తెరుచుకోవచ్చు, కానీ వెర్షన్ 6 మీద కొత్త బ్రౌజర్లు కూడా ఒక్కోటీ తప్పుకుంటున్నాయి. ఫోన్ మార్పించండి. ఆ వెర్షన్‌కి భద్రతా అప్‌డేట్లు ఆగి చాలాకాలమైంది, డబ్బు వ్యవహారాలు దాని మీద పెట్టకూడదు. ఎవరైనా వాట్సాప్‌లో ఈ ఫైల్ వేస్తే అన్నీ తెరుచుకుంటాయి అని పంపితే మాత్రం వేయనివ్వకండి, రమ్యకి చెప్పిందే.

డల్లాస్ బాబాయ్
సంక్రాంతికి వస్తున్నాను, వచ్చేటప్పుడు కొత్తది తెచ్చేస్తా. అడిగి తెస్తే వద్దంటారు.

ట్యాక్స్ పంతులు
మా ఆఫీసు బాధ వేరు. డిజిటల్ సంతకం డాంగిల్ పెట్టి రిటర్నులు వేయాలంటే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. సంతకం కావడం లేదని హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేస్తే బ్రౌజర్‌లో 127.0.0.1 అని కొట్టి, వార్నింగ్ వస్తే అడ్వాన్స్‌డ్, ప్రొసీడ్ నొక్కండి అంటారు. ఇక్కడేమో మీరంతా నొక్కొద్దంటున్నారు. ఏది నమ్మాలి మాస్టారూ?

కీబోర్డ్ కృష్ణ
ఇది ఒప్పుకోదగిన మినహాయింపు పంతులు గారూ. 127.0.0.1 అంటే మీ సిస్టమే. బయటికి ఒక్క ముక్క కూడా పోదు, మీ బ్రౌజర్ మీ సిస్టమ్‌లోనే నడుస్తున్న ఆ సంతకం సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడుతోంది. ఆ పేరుకి బయటి సంస్థలేవీ సర్టిఫికెట్ ఇవ్వవు కాబట్టి సాఫ్ట్‌వేర్ తనకు తానే సంతకం పెట్టుకుంటుంది, బ్రౌజర్ గుర్తుపట్టదు. ఇంట్లో రౌటర్ పేజీ 192.168.1.1 తెరిచినప్పుడు వచ్చేది కూడా ఇదే జాతి. అడ్రస్ అక్షరం అక్షరం అదేనా అని చూసుకుని నొక్కండి. సాఫ్ట్‌వేర్‌ని మాత్రం అసలు పోర్టల్ నుంచే దించుకోండి, ఎవరో డ్రైవ్‌లో పెట్టిన కాపీ వద్దు.

నా కోపం హెల్ప్‌డెస్క్ మీద. ఎందుకు నొక్కమంటున్నారో ఒక్క మాట చెప్పరు. అలా చెప్పీ చెప్పీ ఆఫీసుల్లో అందరికీ ఎర్ర పేజీ అంటే ప్రొసీడ్ బటన్ అనే అలవాటైపోయింది. రేపు నిజంగా ఎవడో మధ్యలో కూర్చున్నా అదే వేలు అక్కడికే పోతుంది.

ఎవరైతే ఏంటి
నా గురించేనా అది?

కీబోర్డ్ కృష్ణ
నీ గురించి కూడా.

గుంటూరు గృహిణి
మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. మా బ్యాంకు సైటు అడ్రస్ మారిపోయింది, చివర బ్యాంక్ డాట్ ఇన్ అని వస్తోంది. వార్నింగ్ ఏమీ రాలేదు, అయినా భయమేసి మూసేశాను. దొంగదంటారా?

సర్వర్ సుబ్బు
మీరు ఆగి చూడటం మంచిదే అమ్మా, కానీ ఇది అసలైన మార్పే. బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31 లోపు బ్యాంక్ డాట్ ఇన్ పేర్లకు మారాలని ఆర్‌బీఐ ఆ ఏడాది ఏప్రిల్‌లో చెప్పింది. ఆ చివర ఉన్న పేరు ఎవరు పడితే వాళ్లు కొనుక్కోలేరు, ఇచ్చేది మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఒక్కటే, బ్యాంకులకే ఇస్తుంది. కాకపోతే చివర అచ్చంగా చుక్క బ్యాంక్ చుక్క ఇన్ అని ఉందో లేదో చూడండి. బ్యాంక్, అడ్డగీత, ఇన్ అని పెట్టి చివర డాట్ కామ్ తగిలిస్తే అది వేరే ఎవరిదో.

ఇక వార్నింగ్ రాలేదు కాబట్టి మంచి సైటే అనుకోవడం మీద ఒక మాట. దొంగ సైట్లకి కూడా సర్టిఫికెట్ ఉంటుంది, ఉచితంగా నిమిషాల్లో వస్తుంది. ఆ పేరు వాడిదే అన్నంతవరకే అది చెబుతుంది. ఆధార్ కార్డు ఉన్నంత మాత్రాన మనిషి మంచివాడని కాదు కదా, ఇదీ అంతే. జనం తాళం బొమ్మ చూసి మోసపోతున్నారనే క్రోమ్ 2023లో ఆ బొమ్మనే తీసేసింది. ఈ రాత్రికి మీ కరెంటు కట్ చేస్తాం, ఇక్కడ నొక్కి బిల్లు కట్టండి అని వచ్చే మెసేజ్‌ల వెనక సైట్లలో ఏ ఎర్ర పేజీ రాదు. అక్కడ మిమ్మల్ని కాపాడేది అడ్రస్ చదవడం ఒక్కటే. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యం చేసిన కొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

గుంటూరు గృహిణి
చాలా థాంక్స్ అండి. ఇప్పుడు పాస్‌బుక్ మీద ఉన్న పేరుతో పోల్చి చూశాను, బ్యాంకు పేరు సరిపోయింది. ఇంకొకటి, రైల్వే స్టేషన్లో ఫ్రీ వైఫై పెట్టుకుంటే కూడా ఇలాగే ఎర్రగా వస్తుంది, అదేమిటి?

ఓరుగల్లు రమ్య
అది నేను చెప్త అక్కా, కాజీపేట స్టేషన్ల ఎప్పుడూ చూస్త. ముందు వాళ్ల పేజీల ఫోన్ నంబర్, ఓటీపీ కొట్టాలె. అది కొట్టకముందే మనం వేరే సైటు తెరిస్తే వాళ్లు మనల్ని ఆ పేజీకి లాగుతరు, పేరు కలవదు కాబట్టి వార్నింగ్. ప్రొసీడ్ కొట్టొద్దు, వైఫై సెట్టింగ్స్‌ల సైన్ ఇన్ అని వస్తది, అది నొక్కాలె. రాకపోతే నెవర్ ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ తెరవండి, అది సాదా హెచ్‌టీటీపీ సైటు, లాగిన్ పేజీ తెప్పించనీకే పెట్టిండ్రు. లాగిన్ అయినంక కూడా ఎర్రగ వస్తే ఆ వైఫై వదిలెయ్యండి. కరెక్టే కదా సుబ్బన్నా?

సర్వర్ సుబ్బు
వంద శాతం.

పాలకొల్లు పచ్చళ్లు
నేను అవతలి వైపు మనిషిని. మాది చిన్న పచ్చళ్ల సైటు, అమెరికా ఆర్డర్లే ఎక్కువ. నిన్నటి నుంచి కస్టమర్లు ఎర్రగా వస్తోందని స్క్రీన్‌షాట్లు పంపుతున్నారు, డేట్ ఇన్‌వాలిడ్. సైటు చేసిపెట్టిన అబ్బాయి ఫోన్ ఎత్తడం లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అని, దానంతట అదే రెన్యూ అవుతుందని చెప్పాడు. ఇన్నాళ్లూ అయింది కూడా. ఆవకాయ సీజన్ అండి, ఒక్కరోజు ఆగినా నష్టం.

సర్వర్ సుబ్బు
సర్వర్ లాగిన్ మీ దగ్గర ఉందా? ఉంటే సర్టిఫికెట్లు తెచ్చిపెట్టే సర్ట్‌బాట్ సాఫ్ట్‌వేర్ రెన్యూ కమాండ్‌ని డ్రై రన్‌తో, అంటే ఉత్త ట్రయల్‌గా నడిపి, వచ్చిన ఎర్రర్ ఇక్కడ పెట్టండి. సైటు పేరు పెట్టొద్దు. ఈమధ్య సర్వర్లో ఏమైనా మార్చారా? కస్టమర్లకి ప్రొసీడ్ కొట్టి ఆర్డర్ పెట్టమని మాత్రం చెప్పకండి, కార్డు నంబర్లు ఇచ్చే చోట ఆ అలవాటు చేయొద్దు.

పాలకొల్లు పచ్చళ్లు
మా అల్లుడు చూశాడు. టైమ్ అవుట్, ఫైర్‌వాల్ ప్రాబ్లం కావొచ్చు అని వచ్చిందట. పోయిన నెల సెక్యూరిటీ కోసం అని సాదా హెచ్‌టీటీపీ వచ్చే పోర్ట్ 80 మూసేశాడట, అంతా హెచ్‌టీటీపీఎస్‌లోనే నడుస్తోంది కదా, ఎందుకు తెరిచి ఉంచడం అని.

సర్వర్ సుబ్బు
దొరికింది. ఈ సైటు మీదేనా అని లెట్స్ ఎన్‌క్రిప్ట్ పరీక్ష పెట్టేది చాలామంది సెటప్‌లో పోర్ట్ 80 మీదే. తలుపు తట్టింది, ఎవరూ పలకలేదు, వెళ్లిపోయింది. గడువుకి నెల ముందు నుంచే రోజూ ప్రయత్నించి ఉంటుంది, లాగ్‌లో కనిపిస్తుంది. గడువు దగ్గరపడుతోందని ఒకప్పుడు వాళ్లే మెయిల్ పంపేవాళ్లు, 2025 జూన్‌లో ఆపేశారు, కాబట్టి మీకు తెలిసే దారి లేదు. పోర్ట్ 80 తెరిచి, వచ్చినవాళ్లని హెచ్‌టీటీపీఎస్‌కి మళ్లించేలా పెట్టమనండి.

చేత్తో రెన్యూ చేసుకుందాం అనే ఆలోచన మాత్రం వద్దు. డబ్బు పెట్టి కొనే సర్టిఫికెట్లు కూడా ఒకప్పుడు రెండేళ్ల పైన చెల్లేవి, 2020 సెప్టెంబర్ నుంచి 398 రోజులకి దించారు. బ్రౌజర్లు, సంస్థలు కలిసి 2025లో పెట్టుకున్న కొత్త లెక్క ప్రకారం 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100, 2029 మార్చి 15 నుంచి 47 రోజులే. తాళంచెవి ఎవరి చేతిలోనైనా పడితే అది పనికొచ్చే కాలం తగ్గాలని. మనిషి గుర్తుపెట్టుకుని చేసే పని కాదిక.

కీబోర్డ్ కృష్ణ
పనిలో పనిగా డబుల్యూలు ఉన్న పేరు, లేని పేరు రెండూ ఉన్నాయో లేదో చూడండి. ఆర్డర్ పేజీకి వేరే సబ్‌డొమైన్ ఉంటే అది కూడా. నక్షత్రం గుర్తుతో, అంటే సబ్‌డొమైన్లన్నిటికీ కలిపి తీసుకున్నా అది ఒక మెట్టు వరకే పనిచేస్తుంది. బ్రౌజర్లో బాగుండి యాప్‌లో మాత్రం రాకపోతే రూట్‌కీ మీ సర్టిఫికెట్‌కీ మధ్యలో ఉండే సర్టిఫికెట్‌ని సర్వర్ పంపడం లేదని అర్థం, కొన్ని బ్రౌజర్లు దాన్ని తామే తెచ్చుకుంటాయి, చాలా యాప్‌లు తెచ్చుకోవు. ఫుల్‌చెయిన్ అనే ఫైల్ పెట్టాలి.

పాలకొల్లు పచ్చళ్లు
పోర్ట్ తెరిచాడు, రెన్యూ అయిందని వచ్చింది, సక్సెస్ అని కూడా ఉంది. కానీ సైటు తెరిస్తే ఇంకా ఎర్రగానే వస్తోంది!

సర్వర్ సుబ్బు
వెబ్ సర్వర్ రీలోడ్ చేశారా? లేకపోతే పాత సర్టిఫికెట్టే చూపిస్తూ కూర్చుంటుంది.

పాలకొల్లు పచ్చళ్లు
చేయలేదట. ఇప్పుడు చేశాడు, వచ్చేసింది. డబుల్యూలు లేని పేరు నిజంగానే లేదు, అదీ కలిపాడు. రెన్యూ అయిన ప్రతిసారీ రీలోడ్ అయ్యేలా పెట్టడం ఎలాగో అడుగుతున్నాడు.

సర్వర్ సుబ్బు
డిప్లాయ్ హుక్ అని వెతకమనండి, ఒక్క లైను.